35 మార్కుల ఇంగ్లీషు

గో, వెంట్, గాన్. కమ్, కేమ్, కమ్. ఈట్, ఏట్, ఈటెన్.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ సాంఘిక సంక్షేమ హాస్టల్ పక్కనుంచైనా తెల్లారుజామున నడిచినవాళ్లకి ఈ పాట వినపడే ఉంటుంది. భజన అనుకుని దండం పెట్టుకుని పోయినవాళ్లు కూడా ఉన్నారేమో. భజనే అది. అర్థం చెప్పకుండా నోటికి ఎక్కించేదాన్ని భజన అనక ఏమంటాం?

ఆ గొంతుల్లో నాదీ ఒకటి. గుంటూరు జిల్లాలో ఒక మాదిగపల్లె మాది. 1992 మార్చిలో పదో తరగతి రాశాను. ఇప్పుడు నేనూ పాఠాలు చెప్పుకునే బతుకుతున్నాను. ముప్పయ్యేళ్లు దాటినా మా పిల్లలకి ఇంగ్లీషు గ్రామరు చెప్పే పద్ధతి మీద నా కోపం చల్లారలేదు. చల్లారనక్కర్లేదు కూడా.

రివిజన్ అంటే ఏమిటి? ఒకసారి చూసిందాన్ని మళ్లీ చూడటం. మాకు ఆరో తరగతిలో ఏబీసీడీలు మొదలెట్టారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది ఎట్లా గడిచాయో ఎవరికీ తెలియదు. ఇంగ్లీషు పంతులు ఉన్న ఏడాది పుస్తకాలు లేవు, పుస్తకాలు వచ్చిన ఏడాది పంతులు బదిలీ. సోషల్ మేష్టారే ఇంగ్లీషు చెప్పిన ఏడాది ఒకటుంది. ఆయన పాఠాన్ని తెలుగులో కథలాగా చెప్పి, 'అదీ సంగతి' అని పుస్తకం మూసేవాడు. పదో తరగతిలో సంక్రాంతి దాటాక ఒక్కసారిగా రివిజన్ అన్నారు. ఎప్పుడూ చూడనిదాన్ని మళ్లీ ఎట్లా చూస్తాం?

'మీకు 35 వస్తే చాలు గదమ్మా' అనేవాడు ఇంగ్లీషు మేష్టారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో జాలి ఉండేది. ఆ జాలే మా కొంప ముంచింది. ఊళ్లో కామందుల పిల్లలు ఇది ఎందుకిట్లా ఉంది అని అడిగితే బోర్డు తుడిచి మళ్లీ చెప్పేవాడు. మేం అడిగితే 'అదంతా మీకెందుకు, బిట్లు రాసుకోండి' అనేవాడు. వెర్బు మొదటి రూపం, రెండో రూపం, మూడో రూపం అని పేజీకి మూడు గళ్లు గీయించారు. రెండో గడిలోది ఎప్పుడు వాడాలి, మూడో గడిలోది దేని పక్కన చేరితే నిలబడుతుంది అని ఒక్కరూ చెప్పలా. గళ్లు నింపడం నేర్పారు. లీవు లెటరు బట్టీ పట్టించారు. అందులో జ్వరం వచ్చిందని ఉంటుంది. హాస్టల్లో అందరికీ ఒకటే జ్వరం, ఒకటే తేదీ. నిజంగా ఎవరికన్నా కడుపునొప్పి వస్తే రాయటానికి మాట లేదు.

ట్యూషన్ సంగతి కూడా చెప్పాలి. సాయంత్రం మేష్టారింట్లో ట్యూషన్. ఊరి పిల్లలు లోపల చాప మీద. పల్లె పిల్లలం బయట మెట్ల మీద. కిటికీలోంచి వినాలి. బోర్డు కనపడదు. చెవిన పడ్డదాన్నే రాసుకోవాలి. థాట్ అన్నా టాట్ అన్నా ఆ మెట్ల మీదికి ఒకటేలాగా వినపడేది, ఒకటేలాగా రాసుకునేవాళ్లం. చూపు లేకుండా వినికిడితో నేర్చుకున్న ఇంగ్లీషుకి స్పెల్లింగ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? 'వీళ్లకి స్పెల్లింగులు రావు, రిజర్వేషన్లో వచ్చారు' అని కాలేజీల్లో మమ్మల్ని వెక్కిరించినవాళ్లు ఆ కిటికీ గురించి ఒక్కసారీ అడగలేదు.

సరిగ్గా ఆ నెలల్లోనే మిరపకాయ కోతలు. గుంటూరు జిల్లాలో పుట్టిన ఏ కూలోళ్ల పిల్లనైనా అడగండి, పరీక్షలూ కోతలూ ఒకేసారి వస్తాయని చెప్తుంది. మా క్లాసులో పల్లె నుంచి వచ్చిన ఆడపిల్లలం ఏడుగురం. నలుగురు కోతలకి పోయారు. హాస్టల్లో ఉన్నదాన్ని గనక నేను మిగిలాను. ఆదివారం ఇంటికి పోతే నేనూ అమ్మతో చేలోకి పోయేదాన్ని. సాళ్ల మధ్య వంగి కాయ కోస్తా వెర్బులు అప్పజెప్పుకునేదాన్ని. చేతులు మండుతుంటాయి, కళ్లు తుడుచుకోటానికి లేదు. బర్న్, బర్న్‌ట్, బర్న్‌ట్ అనే మాట నాకు గళ్ల కాగితం మీదనుంచి రాలేదు. ఆ నలుగురినీ సెప్టెంబరు పరీక్షకి కట్టమన్నారు. కట్టలా. ఫీజుకి డబ్బుల్లేవు, అప్పటికి ఇద్దరికి పెళ్లిళ్లు కుదిరాయి. ఏటా పేపర్లో వేసే పాసు శాతాల్లో వాళ్లు ఎక్కడా ఉండరు. పరీక్ష రాయనిది ఫెయిలయినదాని లెక్కలోకి కూడా రాదు.

మాకు చెప్పకుండా దాచిపెట్టిన గ్రామరేమిటో ఇప్పుడు చెప్తాను. పెద్ద బ్రహ్మవిద్య కాదు.

'మా అమ్మ పొలం పోతుంది' అంటే తెలుగులో రోజూ పోయే సంగతీ అదే, రేపు పోబోయే సంగతీ అదే. రెంటికీ ఒకటే రూపం. ఇంగ్లీషులో రెండూ వేరు. రోజూ పోయేదానికి గోస్, రేపటిదానికి విల్ గో. ఈ ఒక్క ముక్క చెప్తే మా పిల్లల తప్పులు ఎన్నో తగ్గుతాయి. మేం ప్రతిదానికీ విల్ పెట్టేవాళ్లం. మేష్టారు బెత్తం తీసేవాడు. ఎందుకు తప్పో మాత్రం చెప్పేవాడు కాదు. మా తెలుగు మా తలకాయల్లో నిండుగా ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఖాళీ కుండలో నీళ్లు పోసినట్టు ఇంగ్లీషు పోశారు.

తెలుగులో క్రియ చివరే మనిషి ఉంటాడు. వచ్చాను అంటే నేను, వచ్చాడు అంటే వాడు. ముందు పేరు చెప్పకపోయినా నడుస్తుంది. ఇంగ్లీషులో కేమ్ అంటే ఎవరొచ్చారో తెలియదు. నేను వచ్చినా కేమే, కామందు వచ్చినా కేమే. అందుకే అక్కడ కర్త ముందుకొచ్చి నిలబడాలి. కర్త పేరు లేకుండా నడిచే మామూలు వాక్యం ఒకటే, ఆజ్ఞ. కమ్, గో, బ్రింగ్. రా, పో, తీసుకురా. మా నాయన పాలేరుగా బతికినన్నాళ్లూ చెవిన పడ్డ భాషంతా ఆ ఒక్క రకం వాక్యాలే.

ఆ టెన్సుల్లో ఒకటుంది, హాస్ బీన్ అని మొదలయ్యేది. ఎప్పుడో మొదలై, సాగుతూ, ఇంకా ఆగని పనికి వాడతారు. పక్కన సిన్స్ గానీ ఫర్ గానీ వస్తుంది. గైడులో దానికి ఉదాహరణ పొద్దుట్నించీ కురుస్తున్న వాన. మా నాయన పన్నెండో ఏట నించీ ఒకే కామందు చేలో దున్నుతున్నాడు, అది ఉదాహరణగా పెట్టుకుంటే మాకు ఆ టెన్సు జన్మలో మర్చిపోయేది కాదు. కానీ మా ఇళ్లల్లోంచి ఒక్క ఉదాహరణ కూడా బోర్డు మీదికి ఎక్కదు.

ఇక మర్యాద. కామందు మా అమ్మని 'అది' అనేవాడు. 'అది వచ్చిందా? దాన్ని దొడ్లోకి రమ్మను.' దొడ్లో గేదెకీ అదే మాట, అదే క్రియ. గేదె వచ్చింది, అది వచ్చింది. వాళ్లావిడ మాత్రం 'వచ్చారు'. మన వ్యాకరణాలు మగవాణ్ణి మహత్తు అన్నాయి. ఆడదాని క్రియ ఏకవచనంలో గొడ్డూ గోదా పక్కనే ఉంటుంది. బహువచనంలోకి వస్తేగాని ఆడది మనిషి లెక్కలోకి రాదు. ఆ బహువచనం కులంగల ఆడవాళ్లకి మర్యాద కింద దక్కింది, మా అమ్మలకి దక్కలేదు. ఇంగ్లీషులో మా అమ్మ షి. కామందు భార్య కూడా షి. గేదె ఇట్. నువ్వూ మీరూ తేడా లేదు, కామందుకీ యూ, పాలేరుకీ యూ. ఇంగ్లీషువాడు మనల్ని సమానంగా చూశాడని చెప్పటం లేదు, వాడి బంగళాలో మన ముసలాళ్లు కూడా బాయ్‌లే. నేను మాట్లాడేది వాడి మనసు గురించి కాదు, వాడి సర్వనామం గురించి. 'షి' అంటే ఆడమనిషి అని గళ్లల్లో రాసుకున్నాం గానీ, ఆ మాట మా అమ్మకి కూడా చెల్లుతుందని మాకు ఏ మేష్టారూ చెప్పలేదు.

అన్నిటికంటే పెద్దది వాయిస్. ఆ బిట్లు పరీక్షలో తప్పకుండా వచ్చేవి గనక మాకు మంత్రంలాగా నేర్పారు. కర్మని తెచ్చి ముందు పెట్టు. బి వెర్బు వెయ్యి. వెర్బు మూడో రూపం వెయ్యి. బై పెట్టి కర్తని వెనక్కి తొయ్యి. కర్త పీపుల్ అనో సంబడీ అనో అయితే బై కూడా వద్దు, తీసెయ్యి. అర మార్కు. రాముడు రావణుణ్ణి చంపాడు, రావణుడు రాముడి చేత చంపబడ్డాడు. ఇట్లా ఎన్నిసార్లు చంపామో లెక్కలేదు.

మేం ఈ మంత్రం నేర్చుకున్న పదో తరగతి సంవత్సరంలోనే, 1991 ఆగస్టు 6న, చుండూరులో రెడ్లు, తెలగాలు కలిసిన గుంపు 8 మంది దళితుల్ని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేసింది. సినిమాహాల్లో కాలు తగిలిందని మొదలైన గొడవ అది. అంతకు ఆరేళ్ల ముందు, 1985 జులై 17న, కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగల్ని చంపారు. ఈ రెండు వాక్యాలూ నేను యాక్టివ్ వాయిస్‌లో రాశాను. మన పత్రికల భాషలో ఇవి ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. దళితులు హత్యకు గురయ్యారు. దళిత యువతి అత్యాచారానికి గురైంది. దళితవాడపై దాడి జరిగింది. ఇళ్లు దగ్ధమయ్యాయి. ఇళ్లు వాటంతట అవే అంటుకున్నట్టు! 'గురవడం' అనే మాట తెలుగు పేపర్లకి దొరికిన పాసివ్ వాయిస్. బై పెట్టాల్సిన చోట ఖాళీ. మా పల్లెలో చదువురాని ముసలమ్మ కూడా చంపబడ్డారు అనదు, చంపారు అంటుంది. ఎవరు చంపారో పేరు పెట్టి చెప్తుంది. మహా అయితే మా వాళ్లు 'దెబ్బలు తిన్నాం, తిట్లు తిన్నాం' అంటారు. అందులో కూడా తిన్నవాడు వాక్యంలో ముందుంటాడు.

గ్రామరు అర మార్కు సంగతి కాదని చెప్పటానికి చట్టం దగ్గరికి వస్తాను. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగం 17వ అధికరణం పాసివ్‌లోనే ఉంది. రద్దయిందనీ, పాటించడం నిషిద్ధమనీ చెప్తుంది. అధికరణాల భాష అట్లాగే ఉంటుంది, దానికి నేను తప్పు పట్టను. పాటించేవాడు ఎవడో మాత్రం ఆ వాక్యంలో లేడు. 1955 చట్టంలో 'ఎవరైనా' అని కర్తని తెచ్చారు, ఆ ఎవరైనా ఎవరో తెలియదు. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం నేరాల సెక్షను తెరిస్తే, షెడ్యూల్డు కులంగానీ తెగగానీ కానివాడు ఎవడైనా అని మొదలవుతుంది. మొదటిసారి కర్త ఏ వైపు నిలబడి ఉన్నాడో చట్టం చెప్పింది. ఆ ఒక్క కర్తని వాక్యంలోకి తేవడానికి ఎన్ని పల్లెల్లో ఎన్ని శవాలు లేచాయో ఉద్యమంలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

చుండూరు కేసుకి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు బాధితులు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. బాధితులు సుప్రీంకోర్టుకి పోయారు. హైకోర్టు తీర్పు ఇంగ్లీషులో ఉంటుంది, రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఆ కోర్టుల భాష అదే. మొగుళ్లనీ కొడుకుల్నీ పోగొట్టుకున్న ఆడవాళ్లు ఆ కాగితాన్ని ఇంకొకరి చేత చదివించుకోవాలి. అక్విట్, అక్విటెడ్, అక్విటెడ్. ఈ వెర్బు మా గళ్లల్లో ఎప్పుడూ లేదు.

ఇంగ్లీషు వద్దు, అమ్మభాష ముద్దు అనే పెద్దమనుషులకి ఒక మాట. మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు? అమెరికాలో స్థిరపడ్డ మనవల ఫొటోలు గోడకి పెట్టుకుని, తెలుగు చచ్చిపోతుందని మా పల్లె పిల్లల భుజాన ఆ శవాన్ని పెడతారేం? 1854లోనే సావిత్రీబాయి ఫూలే తన కవితల పుస్తకంలో ఇంగ్లీషు నేర్చుకోమని శూద్రులకీ అతిశూద్రులకీ చెప్పింది. ఆవిడకి మరాఠీ మీద ప్రేమ లేకనా? 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నిట్లో ఇంగ్లీషు మీడియం అంటే ఎంత గగ్గోలు పుట్టిందో చూశాం. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. కార్పొరేట్ బడులు పుట్టి పెరిగిన ఇన్నేళ్లలో తెలుగుకి రాని ఆపద, మాల మాదిగ పిల్లలు నోరు తిప్పేసరికి వచ్చిందా? చిన్న క్లాసుల్లో తెలిసిన భాషలో చెప్తేనే పిల్లకి ఎక్కుతుందని చదువుల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. నిజమే, కాదనను. అయితే ఆ తెలిసిన భాష మా భాష అయి ఉండాలి. మా అమ్మ మాట్లాడేది యాస అని ఎర్రసిరాతో కొట్టేసి, మీ ఇంటి తెలుగుని మాకు అమ్మభాష అంటే ఒప్పుకోం.

అట్లాగని ఇంగ్లీషు మీడియం అని బోర్డు రాసినంత మాత్రాన సంబరపడే మనవాళ్ల మీద కూడా నాకు కోపమే. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలెట్టారు. మంచిదే. లోపల ఏం చెప్తున్నారు? నేను ఫిబ్రవరిలో రెండు రాష్ట్రాల్లో హాస్టళ్లకి పోయి పదో తరగతి పిల్లలతో కూచుంటాను. అదే గళ్ల కాగితం. అప్పుడు చేత్తో గీసేవాళ్లం, ఇప్పుడు జిరాక్సు. మీడియం మార్చి గళ్లు మార్చకపోతే ఏం లాభం? వేదికలెక్కి ఇంగ్లీషే విముక్తి అని చెప్పే నాయకులారా, మీటింగు అయ్యాక పక్క హాస్టల్లో ఒక గంట కూచోండి. విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జయంతికి దండలేసేది ఏప్రిల్‌లో. పిల్లల పీకల మీద కత్తి ఉండేది ఫిబ్రవరిలో.

పోయి ఏం చెప్పాలంటారా? వెర్బులు గుంపులు కట్టించండి. మారనివి ఒక గుంపు, కట్, పుట్, హిట్. వెనక రెండూ ఒకటైనవి ఒక గుంపు, బ్రింగ్, బ్రాట్, బ్రాట్. మూడూ వేరైనవి సింగ్, సాంగ్, సంగ్. డ్రింక్, రింగ్, స్విమ్ దాని చుట్టాలే. ఇట్లా చుట్టరికం కలిపితే వంద వెర్బులు వారంలో వస్తాయి, మనవాళ్లకి చుట్టరికాలు ఒకరు నేర్పాలా? ఇడి చేరేవాటికి మూడు పలుకులున్నాయని చెప్పండి. వాక్‌ట్, ప్లేడ్, వాంటెడ్. మన పిల్లలు 'వాకెడ్' అంటే కాన్వెంటు పిల్లలు నవ్వుతారు. రాసేటప్పుడు ఒకటే, పలికేటప్పుడు మూడు అని పావుగంటలో చెప్పే సంగతికి మా తరమంతా ఇంటర్వ్యూల్లో తల దించుకుంది. ఉదాహరణలు మాత్రం వాళ్ల ఇళ్లల్లోంచే తెండి.

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వాయిస్ చెప్తూ, మీకు తెలిసిన సంగతులే వాక్యాలు కట్టండి అన్నాను. ఒక పిల్ల కూలిడబ్బులు అడిగినందుకు వాళ్ల మేనత్తని కొట్టిన సంగతి రాసింది. మై ఆంట్ వాజ్ బీటెన్. మూడో రూపం సరిగ్గా పెట్టింది. నోటుబుక్కు నా దగ్గరికి తెచ్చి, 'మేడమ్, గైడులో బై తీసెయ్యొచ్చని ఉంది. ఎవరో తెలిసినా తీసెయ్యాలా?' అంది.

'నీకు తెలుసా ఎవరో?'

'తెలుసు మేడమ్.'

'అయితే రాయి.'

ఇంటిపేరుతో సహా రాసింది. ఇంటిపేరుకి స్పెల్లింగ్ అడిగింది, చెప్పాను. తర్వాత రెండో బిట్టుకి పోయాం.